రాజోలు వాళ్ళకి చెప్పాల్సిన మాట

"ఈ పిల్లకి కడుపు పండుద్దా, పండదా? ఆ ఒక్క ముక్కా చెప్పండి డాక్టరమ్మ గారూ" అంది ఎలీసమ్మ, కుర్చీలో సరిగ్గా కూర్చోకుండానే.

తులసి అమలాపురంలో ఆసుపత్రి పెట్టింది 1974లో. ఈ అయిదేళ్ళలో ఇలాంటి అత్తగార్లను చూసి చూసి ఆవిడకి కోపం ముక్కు మీదే ఉంటోంది.

వెనక తల వంచుకుని నిలబడింది కోడలు సుగుణ. ఓడలరేవు నుంచి మొదటి బస్సుకే వచ్చినట్టున్నారు. ఇద్దరి నుదుటా బొట్టు లేదు. చర్చికి వెళ్ళేవాళ్ళని తులసికి అర్థమైంది.

"ఎన్నేళ్ళ కాపురం?"

"రెండేళ్ళు చేసిందండి. ఒక్కసారీ నెల తప్పలేదు."

"చిన్నప్పుడేమైనా పెద్ద జబ్బు చేసిందా?"

సుగుణ నోరు విప్పబోయింది. అత్త విప్పనిస్తేగా!

"ఆయ్, చేసిందండి. మెనింజైటిస్సంట. కాకినాడ పెద్దాసుపత్రిలో ఎన్నులో సూది గుచ్చి నీరు తీసేరంటండి. ఆ నీరు పోతే ఇంక కడుపు నిలవదని ఊరంతా అంటన్నారు. రేపు రాజోలు వాళ్ళొస్తన్నారండి, పెళ్ళి మాటలకి. ఇది తేలకుండా నేనేవని మాటిస్తానండీ?"

తులసి చేతిలో పెన్ను ఆగిపోయింది. కోడలు పక్కనే నిలబడి ఉండగా ఇంకో పెళ్ళి మాటలు! ఈవిడ గుండెలు తీసిన బంటే.

"దీనికి మీ పాస్టరు గారు ఒప్పుకుంటారా?"

"ఆయనే దగ్గరుండి జరిపిస్తానన్నారండి."

సుగుణ ఒక్కసారిగా బావురుమంది. "నాకే పరీక్షలూ వద్దత్తా. నేనెక్కడికీ పోను. నీ దగ్గరే పడుంటాను."

"నోర్ముయ్యి. ముందు లోపలికి నడు" అని గదిమింది ఎలీసమ్మ.

తులసికి ఒళ్ళు మండిపోయింది. సుగుణను లోపలికి తీసుకెళ్ళింది. పరీక్ష అయ్యేసరికి పావుగంట పట్టింది. అంతసేపూ ఎలీసమ్మ తెర బయట కాలు నిలవకుండా తిరిగింది. పెదవులు ఏదో ప్రార్థన గొణుగుతూనే ఉన్నాయి. ఏం కోరుకుంటోందో ఆ తల్లి!

తులసి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"నెలసరి సరిగ్గా వస్తోంది. గర్భసంచి బాగుంది. వెన్నులో తీసిన నీరు మళ్ళీ ఊరుతుంది, దానికీ కడుపుకీ ముడిపెట్టకు. ఆ జబ్బు వచ్చి తగ్గినవాళ్ళు ఎంతమంది తల్లులు కాలేదు? ఈమెలో నాకే లోపమూ కనిపించలేదు."

"మరి రెండేళ్ళలో ఎందుకవలేదండీ?"

"అది నీ కొడుకుని చూస్తే గానీ చెప్పలేను. రేపు పంపించు."

"వాడు రాడండి."

"రాడులే! పరీక్షంటే ఏ మగాడొస్తాడు?"

"వాడి సంగతొదిలెయ్యండి. ఈ పిల్లలో మాత్రం ఏ లోపం లేదంటారు. అంతేనాండి? ఇంకోసారి చూడండి డాక్టరమ్మ గారూ, మీకు పుణ్యముంటుంది."

ఇక తులసి ఆగలేకపోయింది.

"ఎన్నిసార్లు చూడమంటావ్? లోపం ఉందని నా నోటితో అనిపించి, ఈ పిల్లని గెంటేసి, నీ కొడుక్కి ఇంకో పెళ్ళి చేద్దామనా? నువ్వూ ఆడదానివేగా! సిగ్గులేదూ?"

బయట బల్లల మీద కూర్చున్నవాళ్ళంతా మెడలు చాచారు. తెర పక్కన సుగుణ బిగుసుకుపోయింది.

ఎలీసమ్మ చెంగుతో ముఖం తుడుచుకుంది. మెల్లగా వెళ్ళి కోడలి చెయ్యి పట్టుకుంది.

"నా కొడుకు సచ్చిపోయి మూడేళ్ళయిందండి, రాజోలు కుర్రాడికి నేనియ్యబోయేది ఈ పిల్లనేనండి."