ఇసుక లేని సముద్రం

"కాళ్లు కడుక్కోనిదే ఎవరూ లోపలికి రాకూడదు," అన్నాను, సముద్రం పక్కన తీసుకున్న అద్దె గదిని ఆ రోజు నాలుగోసారి ఊడుస్తూ.

"సెలవులకొచ్చింది మేమే. నువ్వు డ్యూటీలోనే ఉన్నావు," అన్నారు మావారు, గుమ్మం దగ్గర కాళ్లు కడుక్కుంటూ.

ఐదేళ్ల పాప మాత్రం కిటికీలోంచి అలల్ని చూస్తూ మంచం మీదే కూర్చుంది.

"నువ్వెందుకు వెళ్లలేదే?"

"కాళ్లకి ఇసుక అంటుకుంటుంది. నీకు కోపం వస్తుంది. ఈసారి ఇసుక లేని సముద్రానికి వెళదామమ్మా."

మావారు నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయారు. ఇంత దూరం తీసుకొచ్చి పిల్లకి నేను చూపించింది శుభ్రమైన గచ్చు.

"పద, ఇద్దరం నీళ్లలో దిగుదాం," అంటూ చెయ్యి పట్టుకున్నాను.

గుమ్మం దాటాక పాప నన్ను పైనుంచి కిందికి చూసి, "బట్టలు తడిపావంటే ఊరుకోను," అంది, అచ్చం నా గొంతుతో.