పిండి చేతులు

“పుష్పమ్మా, గిర్ని బందు చెయ్యి! లెక్కలాయన గల్లీలకొచ్చిండు!”

గోడ అవతలి నుంచి పక్కింటి విజయేందర్ కేక వేశాడు.

పుష్పమ్మ చెయ్యి దానంతటదే స్విచ్చు మీదికి పోయింది. జొన్నలు సగం నలిగి ఆగిపోయాయి.

మల్కాజ్‌గిరి స్టేషన్ వెనక, మూతపడ్డ ఫ్యాక్టరీ గోడకూ రైలు పట్టాలకూ నడుమ ఉన్న గల్లీ అది. పదహారు ఇళ్లు. ముందుగదిలో భర్త పెట్టిపోయిన పిండి గిర్నితోనే పుష్పమ్మ ఇల్లు గడుస్తోంది.

వేసవిలో పక్క గల్లీకి ఎవరో వచ్చి ఇంటికెందరని రాసుకుపోయారు. నెల తిరక్కుండా అక్కడి గోడల మీద ఎర్ర గుర్తులు పడ్డాయి. ఇళ్లు కూలగొట్టి పెద్ద రోడ్డేస్తామన్నారు. అప్పటి నుంచి ఎర్ర రంగు డబ్బా కనబడితే చాలు, పుష్పమ్మ తలుపేసుకుంటుంది.

“అడిగితే ఏం జెప్పాలె అన్నా?”

“మంది లేరని చెప్పు. ముప్పై ఏండ్లు కండక్టర్ చేసినోన్ని, నాకు తెల్వదా? మంది లేని రూటుకు బస్సే వెయ్యరు, గంత రోడ్డేస్తరా?”

గల్లీ అంతటికీ ఆ మాట నచ్చింది.

వచ్చినాయనకు అరవై దాటి ఉంటాయి. చేతిలో గొడుగు, భుజాన గుడ్డసంచి.

“నమస్కారమమ్మా. రోడ్డు సంగతి మీద వచ్చాను. ఇంట్లో ఎంతమంది ఉంటారండీ?”

రోడ్డనే మాట వినగానే ఆమె గడపకు అడ్డంగా నిలబడింది. ఇంట్లో కొడుకు, కోడలు, ఇద్దరు మనవలు. పైన కిరాయికి ఇద్దరు.

“నేనొక్కదాన్నే.”

“పైన?”

“ఎవ్వల్లేరు.”

పైనుంచి కుక్కరు కూసింది.

ఆయన నవ్వలేదు. మోచేతుల దాకా అంటిన ఆమె పిండి వంక చూశాడు.

“మర ఆడుతోందాండీ?”

“బందువెట్టి శాన ఏండ్లాయె.”

“భయపడకండమ్మా. ఉన్నది ఉన్నట్టు చెబితేనే మీకు మంచిది. అసలు ఆ గీత...”

“ఓ సారూ!” విజయేందర్ అడ్డమొచ్చాడు. “పక్క గల్లీల సుత మంచికే అన్నరు. ఆడమనిషిని పరేషాన్ చెయ్యకుండ్రి. నడువుండ్రి, రైట్ రైట్!”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన మాట మింగేసి, కాగితం మీద ఏదో రాసుకుని, పక్కింటికి కదిలాడు.

రెండు రోజులకు మళ్లీ వచ్చాడు.

ఈసారి పుష్పమ్మ తలుపు గడియ వేసేసింది. మనవణ్ణి వంటింట్లోకి లాక్కుపోయి, వాడి నోటి మీద చెయ్యి పెట్టి కూర్చుంది.

“అమ్మా, ఒక్క మాట. ఇవాళే ఆఖరు రోజండీ.”

ఆఖరు రోజు! ఇంటికి ఆఖరు రోజే అనుకుంది.

మూడుసార్లు తలుపు చప్పుడైంది. తరవాత గొడుగు నేలకు తాకుతూ దూరమైన చప్పుడు.

ఆ సాయంత్రం విజయేందర్ గల్లీకంతా మిరపకాయ బజ్జీలు పంచాడు. “చూసిన్రా? మల్ల రాడు!”

రాలేదు.

నాలుగు నెలలకు గిర్ని గోడ మీద ఎర్ర గుర్తు పడింది.

పుష్పమ్మ, విజయేందర్ రోడ్ల ఆఫీసుకు పరుగెత్తారు. కౌంటరు దగ్గర సృజన అనే అమ్మాయి పెద్ద పటం పరిచింది. గల్లీ మీదుగా రోడ్డుకు గీసిన లావుపాటి గీత.

“మీ గల్లీల మంది ఎక్కువుంటే దీన్ని ఫ్యాక్టరీ జాగలకు జరిపేటోళ్లమ్మా. మొత్తం పదకొండు మందే ఉన్నరట గద?”

విజయేందర్ బల్ల అంచు పట్టుకున్నాడు.

“డెబ్బై నాలుగు మందిమి ఉన్నం బిడ్డా,” అంది పుష్పమ్మ. “గా లెక్కలాయన్ని పిలువు. మమ్ముల ముంచిన గా ఆఫీసర్ ముందర్నే చెప్త.”

“నరసరాజు సార్ ఆఫీసర్ కాదమ్మా. రిటైరయి ఏడాది దాటింది. ఈ గీత వద్దని, గడువు ఆఖరు రోజున మీ గల్లీ తరఫున అర్జీ పెట్టింది సార్ ఒక్కరే. ఈ లెక్క దానికి జోడించిందే. వీళ్లు భయపడి తక్కువ చెప్తున్నరని సుత రాసిన్రు. కానీ పైన చూసేది అంకెనే.”

“ఏడుంటడు బిడ్డా? కాళ్లు పట్టుకుంట.”

సృజన పటం పక్కకు జరిపింది.

“పోయిన నెల పోయిన్రమ్మా.”

అర్జీ కాగితాలు ఇటు తిప్పింది. పుష్పమ్మ కళ్లజోడు సర్దుకుని కూడబలుక్కుంటూ చదివింది. తన ఇంటి నంబరు ఎదురుగా ‘ఒకరు’ అని ఉంది. దాని పక్కన పెన్సిలుతో సన్నటి అక్షరాలు.

‘ఈమె చేతులకు అప్పుడే ఆడిన పిండి ఉంది. మళ్లీ వెళ్లి అడగాలి.’

దాని కింద, ‘వెళ్లాను. తలుపు తీయలేదు.’

విజయేందర్ ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. దూరంగా లోకల్ రైలు కూత వేసింది.

పుష్పమ్మ అర్జీ చివరి పేజీకి తిప్పింది.

‘ఆ గల్లీలో ఒక్కసారైనా అడుగు పెట్టకుండా, అది ఖాళీ జాగా అనుకుని, పన్నెండేళ్ల కిందట ఈ ఆఫీసులోనే కూర్చుని ఈ గీత గీసింది నేనే, దయచేసి చెరిపివేయగలరు.’