వీధి వైపు కంచె

నా కథల్లో అబద్ధం ఆకంత కూడా ఉండదు. నమ్మనివాళ్లు మా బావ ఇంటి కంచెను అడగండి.

మా బావ, అంటే అక్కయ్య మొగుడు, పెద్ద కుర్చీలో కూర్చుని రిటైరైన మనిషి. ఆ తర్వాత ఆయన మాట వినడానికి మిగిలింది ఇంటి ముందున్న మొక్కల కంచె ఒక్కటే.

"వానలు వెళ్లాక ఓసారి, ఎండలు ముదరకముందు ఓసారి కత్తిరించాలిరా. కింద వెడల్పు, పైన సన్నం. మొదళ్లకు ఎండ తగలకపోతే కంచె కాళ్లు బోడివైపోతాయి," అనేవాడు.

ఆ మాట నిజమే, కాదనను.

కానీ ఆయన కత్తిరించేది లోపలి వైపూ, పైభాగమూ. వీధిలోకి అడుగు పెట్టేవాడు కాదు.

"రోడ్డు మీద కత్తెరతో నిలబడితే పనివాడనుకోరూ?"

"మరి అటు వైపు?" అన్నాను.

"అటు పెరగదు. నలుగురూ చూసే వైపు కదా, దానికీ సిగ్గుంటుంది."

నిజంగానే వీధి వైపు కంచె ఇస్త్రీ చేసినట్టుండేది. ఈగ వాలితే జారిపడేది. దారినపోయేవాళ్లు ఆగి మెచ్చుకునేవాళ్లు. ఆ మెప్పుతోనే బావకు సగం కడుపు నిండేది.

ఆ కంచెకు చెయ్యి రాస్తూ రోజూ ఒకాయన వెళ్లేవాడు. నల్ల కళ్లద్దాలు, భుజాన గుడ్డ సంచి. బావ ఆయనకు 'తడుముడు దొర' అని పేరు పెట్టాడు.

ఒకరోజు బావ గేటు దగ్గర ఆయనకు అడ్డం నిలబడ్డాడు.

"ఏమయ్యా, ఆకులు దూస్తున్నావా?"

"లేదు బాబూ. నాకు చూపు లేదు. దీన్ని పట్టుకుని మలుపు దాకా వెళ్తాను."

"చూపు లేనివాడికి ఊరేగింపులెందుకు? ఇంట్లో కూర్చోలేవూ?"

"కూర్చోబెట్టి పెట్టేవాళ్లు లేరు బాబూ."

"అయితే నా కంచె నీ చేతికర్రా? రోడ్డు దాటి అటు పక్కన నడువు."

"అటు పట్టుకోవడానికి ఏమీ లేదండీ."

"గాలి ఉందిగా, పట్టుకో."

అక్కయ్య వరండాలోంచి, "పోనీలెండి, పాపం," అంది.

"నువ్వు లోపలికి పో," అన్నాడు బావ.

కళ్లద్దాలాయన గాలిని తడుముకుంటూ రోడ్డు దాటాడు. మళ్లీ కంచె వైపు రాలేదు.

వానలు పడ్డాయి, వెలిశాయి. బావ వియ్యంకుడు మొదటిసారి ఇంటికి వస్తున్నానని కబురు చేశాడు. ఆయనకు మొక్కలంటే ప్రాణం. బావ అప్పటికే ఫోనులో ఆ కంచె గురించి మాటలు కోటలు దాటించి ఉన్నాడు.

వచ్చేవాడు వీధిలోంచే కదా రావాలి. గేటు చేరేలోపు ఒక కొమ్మ ఆయన కళ్లజోడు లాక్కుంది, ఇంకో కొమ్మ చొక్కా పట్టుకుంది.

"బావగారూ, ఇది కంచెనా, చింపిరి జుట్టా?" అన్నాడు వియ్యంకుడు.

బావ మొహం మాడిపోయింది. ఎదురుగా సెలూన్ ఆయన గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు.

"ఏమిటయ్యా ఆ నవ్వు?"

"మరేం లేదండీ. ఆ కళ్లద్దాలాయన్ని వెళ్లగొట్టారు. ఇంకెవరు కత్తిరిస్తారు?"

"వాడు కత్తిరించడమేమిటి?"

"సంచిలో కత్తెర ఉండేదండీ. నా దగ్గరే సాన పెట్టించుకునేవాడు. మీరు లేవకముందే వచ్చి, చేత్తో రాస్తూ, గుచ్చుకున్న చోటల్లా కత్తిరించేవాడు. మీరే పనికి పెట్టుకున్నారనుకున్నాం."

"ఎక్కడున్నాడిప్పుడు?"

"ఈ పక్కన మూతలేని కాలువ ఉందిగా. మీరు ఇటు పంపిన రోజే అందులో పడ్డాడు. తుంటి విరిగింది. మేనకోడలొచ్చి వాళ్ల ఊరు తీసుకుపోయింది. ఇక నడవడట."

బావ తల దించుకున్నాడు. లోపలికెళ్లి కత్తెర తెచ్చుకుని, వియ్యంకుడు చూస్తుండగానే రోడ్డు మీద గొంతుక్కూర్చుని కత్తిరించడం మొదలుపెట్టాడు.

ఈగ సంగతి నిజమే గానీ, ఈ చివరి ముక్క మాత్రం నేను కల్పించాను. ఆకంత కాదు, కొమ్మంత అబద్ధం.

బావ తల దించుకోలేదు. వియ్యంకుడి వైపు తిరిగి, "చూశారా బావగారూ, ఈ రోజుల్లో కంచెలకు కూడా సిగ్గు లేకుండా పోయింది," అన్నాడు.