చేతిసంచిలో పట్టే లెన్సు

కిరీటి దొంగతనానికి వెళ్ళేముందు విజిటింగ్ కార్డు ఇచ్చేవాడు. 'చిన్న కెమెరాకి సరైన లెన్సు. మీ ఇంటికే వచ్చి ఎంచిపెడతాం' అని దాని మీద తెలుగులో, హిందీలో ఉండేది.

ఢిల్లీ మునిర్కాలో అద్దెగదిలో పడుకుని ఆలోచిస్తే తట్టిన ఉపాయం అది. లెన్సు ఎంచిపెట్టేవాడు ఏమడిగినా ఎవరూ తప్పుపట్టరు. ఇంట్లో ఎంతమంది? ఏ గదిలో వెలుతురెంత? సెలవులకు ఎప్పుడు వెళ్తారు, ఎన్నాళ్ళుంటారు? డాక్టరుకి కూడా చెప్పనివి జనం లెన్సు కోసం చెప్పేస్తారు. కిరీటి అన్నీ శ్రద్ధగా విని, మంచి లెన్సు చెప్పి, వాళ్ళు మనాలీలో మంచుని ఫొటోలు తీసుకుంటున్న సమయంలో వచ్చి ఇల్లు ఊడ్చేసేవాడు. సలహా మాత్రం నిజాయితీగానే ఇచ్చేవాడు. వృత్తి అన్నాక ఆ మాత్రం ఉండాలని అతని ఉద్దేశం.

ఆ ఆదివారం ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్స్ నుంచి అన్నపూర్ణేశ్వరి అనే ఆవిడ వాట్సాప్‌లో కబురు పెట్టింది. కొత్తగా చిన్న మిర్రర్‌లెస్ కెమెరా కొన్నారట, సాయంత్రం రమ్మంది. కిరీటి భోజనాల వేళకే వెళ్ళిపోయాడు. చెప్పినదానికంటే ముందే వెళితే మనుషులు ఇల్లు సర్దుకోరు, దాచాల్సినవి దాచుకోరు.

బెల్లు కొడితే కాసేపటికి తలుపు సగం తెరుచుకుంది. నేతచీర, నుదుట పెద్ద బొట్టు, చేతిలో పెద్ద గుడ్డసంచి.

"అన్నపూర్ణేశ్వరి ఆంటీ కదండీ? నేను కిరీటిని, లెన్సు గురించి వచ్చాను. కాస్త ముందే వచ్చేశాను."

ఆవిడ అతన్నీ, అతని భుజానికున్న బ్యాగునీ చూసింది.

"అచ్ఛా, నువ్వేనా బాబూ. రా, తలుపేసెయ్. బట్టలు ఇస్త్రీకి ఇద్దామని బయల్దేరుతున్నా" అంటూ సంచి కింద పెట్టింది. వంటింట్లోకి వెళ్ళి టీకి పాలు పెట్టి వచ్చింది.

కిరీటి తన ప్రశ్నలు మొదలుపెట్టాడు. "కెమెరా ఎక్కువగా ఎక్కడ వాడతారు ఆంటీ?"

"ఒకచోటని లేదు. కాలనీలన్నీ తిరిగే పని నాది."

ఏదో సర్వే ఉద్యోగం కాబోలు అనుకున్నాడు. "అయితే బరువుండకూడదు."

"అస్సలుండకూడదు. చేతిసంచిలో వేసుకుంటే ఉన్నట్టే తెలీకూడదు. చప్పుడు చెయ్యకూడదు. ఇంకోటి, నాకు లైట్లు వేసుకునే అలవాటు లేదు. మసక చీకట్లో కూడా పని జరిగిపోవాలి."

కిరీటికి ముచ్చటేసింది. తనకేం కావాలో ఇంత స్పష్టంగా తెలిసిన మనిషి అతనికి ఇంతవరకూ తగల్లేదు. అందరూ పక్కింటివాడి దగ్గరున్న పొడుగాటి జూమ్ లెన్సే కావాలంటారు. కొన్నాక మెడ నొప్పెడుతోందని దాన్ని అటక మీద పారేస్తారు.

అతను బ్యాగులోంచి లడ్డూ అంత లెన్సు తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు. "ఇది చూడండి. దీనికి జూమ్ ఉండదు, దగ్గర్నుంచి కావాలంటే మీరే ముందుకెళ్ళాలి. కానీ తక్కువ వెలుతుర్లో దీన్ని మించింది లేదు. పైగా ఎంత చిన్నదంటే, మీ దగ్గర కెమెరా ఉందని ఎదుటివాడు పట్టించుకోడు."

"ముందుకెళ్ళడానికి నాకేం మొహమాటం లేదులే" అందావిడ.

"మీ కెమెరాకి పెట్టి చూద్దాం. ఏదండీ?"

ఆవిడ ఇబ్బందిగా నవ్వింది. "బీరువాలో ఉండుంటుంది బాబూ. తాళంచెవే కనబడి చావట్లేదు. ఇందాకట్నుంచీ వెతుకుతున్నా."

కిరీటి గుండె ఆనందంతో ఒక్క గంతు వేసింది. "నేను చూడనా?"

మనవాళ్ళు బీరువా తాళాలు ఎక్కడెక్కడ దాస్తారో అతనికి కంఠతా వచ్చు. కందిపప్పు డబ్బాలో లేదు, దేవుడి పటం వెనక లేదు, పాత ప్రెషర్ కుక్కర్లో దొరికింది.

"ఎంత తెలివి నాన్నా నీది" అందావిడ మనస్ఫూర్తిగా.

బీరువా తీస్తే కెమెరా పక్కనే నగల పెట్టె. కిరీటి గుటకేశాడు. తొందరపడకూడదు. ముందు వీళ్ళు ఊరెళ్ళేదెప్పుడో కనుక్కోవాలి.

"ఆ పెట్టె కూడా ఇలా ఇవ్వు. బ్యాంకు లాకర్లో పెట్టెయ్యాలి. ఈ రోజుల్లో ఇలాంటివి ఇంట్లో ఉంచుకుంటారా ఎవరైనా?"

ప్రాణం ఉసూరుమంటున్నా తన చేత్తోనే తీసిచ్చాడు. మర్చిపోకుండా ఉంటానంటూ ఆవిడ దాన్ని గుడ్డసంచిలో వేసుకుంది. కెమెరాకి చిన్న లెన్సు తగిలించి మెడలో వేసుకుని, అద్దంలో చూసుకుంది.

"ఇంట్లో నిలబడితే బరువేం తెలుస్తుంది బాబూ? పార్కులో ఓ చుట్టు తిరిగొస్తా. నీ బ్యాగు కూడా ఇవ్వు, మిగతా లెన్సులూ పెట్టి చూస్తా. పన్లోపని ఇస్త్రీ బట్టలూ ఇచ్చేస్తా. నువ్వు పాలు పొంగకుండా చూడు."

బ్యాగు ఇవ్వడానికి కిరీటి ఒక్క క్షణం తటపటాయించాడు. ఇల్లంతా తనకొదిలేసి వెళ్ళే మనిషిని బ్యాగు దగ్గర అనుమానించడం మర్యాద కాదనిపించి ఇచ్చేశాడు.

ఆవిడ వెళ్ళగానే పనిలో పడ్డాడు. బాల్కనీకి గ్రిల్లు లేదు. వెనక తలుపు గడియ వదులుగా ఉంది. ఇంత అమాయకురాలి ఇల్లు దోచుకోవాలంటే కాస్త జాలేసింది కూడా. అంతలో పాలు పొంగుతున్న చప్పుడైతే వంటింట్లోకి పరుగెత్తి, మంట తగ్గించి, గరిటె పెట్టి తిప్పుతూ నిలబడ్డాడు.

వీధి తలుపు తాళం తీసిన చప్పుడయింది. కూరగాయల సంచితో ఒకావిడ, వెనక పుచ్చకాయ మోస్తూ ఒకాయన లోపలికి వచ్చారు. అతన్ని చూసి ఇద్దరూ నిలబడిపోయారు.

"ఎవరయ్యా నువ్వు?" అన్నాడాయన.

తాళంచెవి ఉందంటే దగ్గర చుట్టాలై ఉంటారు. కిరీటి తొణక్కుండా నవ్వాడు. "లోపలికి రండి సార్, కూర్చోండి. అన్నపూర్ణేశ్వరి ఆంటీ కింద పార్కులో ఉన్నారు, ఇప్పుడే వచ్చేస్తారు. ఈలోగా టీ తాగుతారా?"

ఆవిడ బార్లా తెరిచి ఉన్న బీరువాని చూసింది, అతని చేతిలో గరిటెని చూసింది, కూరగాయల సంచి మెల్లగా నేల మీద పెట్టి అంది:

"అన్నపూర్ణేశ్వరిని నేనే."