మలుపు మలుపుకూ ఒక ఫోటో

“ఒక్క మనిషన్న లేడేంది రెడ్యా, గీ ఫోటోలల్ల?”

‘సక్రన్న పంపిండు’ అంటూ మొన్న దుబాయి నుంచి రెడ్యా తెచ్చిన ఫోటోలను కమ్లీ గడప ముందు పరిచింది. ఎర్ర తలుపుల దుకాణం, గోడ మూల, నీళ్ల ట్యాంకు. ఒకదాంట్లో గది తలుపు మీద ఆరేసిన తన మొగుడు సక్రు తువ్వాల.

“అన్నకు గల్లీ కొత్తది వదినా. కెమెరా పట్టుకొని తిరుగుతుంటే మేం నవ్వుకునేటోళ్లం.”

పోస్టుమాన్ పొద్దున చదివిపెట్టిన టెలిగ్రాం ఆమె కొంగు ముడిలో ఉంది. రెడ్యా బయల్దేరిన రోజే పనికి వెళ్లిన సక్రు ఇంతవరకు గదికి తిరిగి రాలేదట.

కమ్లీ ఫోటోలను అటూ ఇటూ జరిపింది. దుకాణం, దాని పక్క మూల, మూల దాటితే ట్యాంకు. ఆమె వేలు ఒక్కొక్కటే దాటుకుంటూ పోయి తువ్వాల దగ్గర ఆగింది.

“కురవి జాతరలనే తప్పిపోయిన మనిషి. సదువు రాదు. అడవిల కట్టెలకు పోతే, వాపస్ వచ్చెతందుకు మలుపు మలుపుకు కొమ్మ విరిచిపెట్టేటోడు.” ఆమె తలెత్తింది. “దారి గుర్తులు నీకెట్ల ఇచ్చిండు?”

రెడ్యా ఫోటోల మీది నుంచి చూపు తిప్పుకున్నాడు.

“ఇయ్యలే వదినా. నేనెల్లేటప్పుడు పండుకొని ఉండె. అంగీ జేబుల కనవడ్డయి. నీకోసమే అనుకొని, లేపకుంట తెచ్చిన.”

కమ్లీ ఏడవలేదు. ఫోటోలను వరుస తప్పకుండా పేర్చి అతని చేతిలో పెట్టింది.

“వాపస్ తీస్కపో. యాడనో ఒక మలుపు కాడ నిలవడి ఉంటడు.”