దున్నపోతు సైన్యం

మడుగులో పొర్లే దున్నపోతుకు జ్వరమొచ్చింది. వైద్యం చేసే కొంగ రక్తం పరీక్షించి, "తెల్లకణాలు మరీ ఎక్కువయ్యాయి" అంది.

పక్కనే ఉన్న కోడిపుంజు రెక్కలు టపటపలాడించింది. "అవి ఒంట్లో సైనికులు బావా! ఎంతమంది ఉంటే అంత బలం!"

దున్నపోతు మూలగడం మాని, చూడవచ్చిన వాళ్లందరికీ గొప్పలు చెప్పుకుంది.

కొంగ ఈసడించుకుంది. "నీ ఇంటిముందు పోలీసులు గుంపుగా దిగితే పండగ చేసుకుంటావా? దొంగ ఎక్కడున్నాడో వెతకవా?"

వెతికితే, గిట్టలో ముల్లు దిగి చీము పట్టి ఉంది. కొంగ ముక్కుతో ముల్లు లాగేసి, చీము కడిగి, మందు పెట్టింది.

కొన్నాళ్లకు కణాలు తగ్గాయి. "అయ్యో, నా సైన్యం పోయింది!" అని దున్నపోతు గోలపెట్టింది.

"జ్వరం కూడా పోయింది. దానికోసం కూడా ఓసారి ఏడ్చుకో" అని కొంగ ఎగిరిపోయింది.