కాకిగూట్లో ఆకుపచ్చ దారం

"గూడనుకున్నావా బావా, పాత ఇనపకొట్టులా ఉంది," అన్నాడు నిచ్చెన మీదనుంచి బావమరిది.

దుకాణం బోర్డు వెనక కాకి కట్టుకుంటున్న గూడది. కరెంటు తీగలు, వంగిన హ్యాంగరు, ప్లాస్టిక్ సంచుల పేలికలు. పుల్లన్నది మచ్చుకైనా లేదు. వాటి మధ్య జడ అల్లినట్టు ఆకుపచ్చ ఊలు.

గుడ్లు పెట్టకముందే దులిపేద్దామని నిచ్చెన వేసింది దారాల వ్యాపారే. అప్పుడే వచ్చిన బావమరిది, నీ పొట్టతో ఎక్కలేవులే అని తనే ఎక్కాడు. ఎక్కినవాడు గూటిని ముట్టుకోలేదు. ఒక్క పోగు లాగి కిందికి దిగాడు.

ఆ రంగు ఊలుని ఫ్యాక్టరీవాళ్లు నమూనాకని ఒకే ఒక పెద్ద ఉండ పంపారు. గిరాకీ ఉండదని వ్యాపారి తిప్పిపంపబోతే భార్య లాక్కుని స్వెట్టరు అల్లుకుంది. కనిపించకుండా పోయిన రోజు ఆమె ఒంటిమీద అదే ఉంది. తొమ్మిది నెలలుగా సెలవు దొరికినప్పుడల్లా తమ్ముడు వచ్చి అక్క కోసం వెతుకుతూనే ఉన్నాడు.

"సరుకు నీది, నువ్వే చెప్పు బావా. ఇది నిలిచే రంగేనా?"

సరుకు సంగతి అడిగితే వ్యాపారి నోరు ఆగదు. "ఎక్కడ నిలుస్తుంది? పదిరోజులు ఎండ తగిలితే వెలిసిపోతుంది," అనేశాడు.

బావమరిది పోగుని వెలుతురులో పెట్టి చూశాడు. నిన్న కొన్నట్టుంది.

"అయితే ఎండలో పడున్నది కాదు. అక్క ఎక్కడో భద్రంగా దాచుకుంది. బతికే ఉంది బావా."

వ్యాపారి తన లెక్క తను వేసుకున్నాడు. గూడు కట్టే కాకి ముక్కున బరువుతో ఎంతో దూరం పోదు. మహా అయితే రెండు వీధులు. వారంగా ముసురు. పోగు కొసన తడిమట్టి.

బావమరిది అప్పుడే బయల్దేరాడు. ఈ వీధిలో ఒక్క గడపా వదలనన్నాడు. దుకాణం వెనకున్న బావ ఇంటి పెరటినుంచే మొదలుపెడతానన్నాడు.

"పెరడు నేను చూస్తాలే. నువ్వు ఎదుటి వరస చూడు," అని వ్యాపారి గొడుగు చేతికిచ్చి పంపాడు.

అంతలో పెరటి గోడమీదుగా కాకి వచ్చింది. ముక్కున ఈసారి పోగు కాదు, మొత్తం స్వెట్టరు చేతిఅంచే వేలాడుతోంది. బోర్డుమీద వాలి, తల పక్కకి వంచి అతన్నే చూసింది.

గొయ్యి ఇంకో అడుగు లోతు తవ్వాల్సింది.